హాకీ క్రీడాకారిణి ఇతిమరపు రజని: ఒక పరిశీలన

క్రీడాకారుల జీవిత చరిత్రలు సాధారణంగా విజేతల చరిత్రలుగానే మనకు లభిస్తాయి. ఎవరు ఎన్ని గోలులు కొట్టారు, ఎన్ని పతకాలు తెచ్చారు, ఏ బిరుదు పొందారు అనే లెక్కలతోనే ఆ పుటలు నిండి ఉంటాయి. అందులో ఆక్షేపించవలసినది ఏమీ లేదు. కాని ఒక జట్టులో పద్దెనిమిది మంది ఉన్నప్పుడు పత్రికలలో పేరు కనిపించేవారు నలుగురో ఐదుగురో మాత్రమే. మిగిలినవారు చేసే పని ఏమిటి? వారి శ్రమను ఏ త్రాసులో తూచవలెను? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకదలచిన విద్యార్థికి, తెలుగునాట ఒక చిన్న పల్లెలో పుట్టి, భారత మహిళా హాకీ జట్టులో చిరకాలం గోల్ కీపర్‌గా నిలిచిన ఇతిమరపు రజని క్రీడాజీవితం చక్కని పాఠ్యగ్రంథం వంటిది.

ఈ విషయం మన కళాశాల విద్యార్థినీ విద్యార్థులకు పరాయిది కాదు. ఎంపిక జాబితాలో తమ పేరు అదనపు క్రీడాకారుల వరుసలో కనిపించగానే మరునాటి నుండి మైదానానికి రావడం మానివేసేవారు ప్రతి కళాశాలలోనూ ఉంటారు. 'ఆడించనప్పుడు పోయి ప్రయోజనమేమి?' అని ఇంటిలో పెద్దలు కూడా అంటారు. ఆడపిల్లల విషయంలో ఈ మాట మరింత త్వరగా వినవస్తుంది. రజని క్రీడాజీవితాన్ని ఆ మాటకు ఎదురుగా నిలిపి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

ఆటలో గోల్ కీపర్ స్థానం

ముందుగా హాకీలో గోల్ కీపర్ బాధ్యత ఎట్టిదో స్థూలంగా తెలిసికొనడం అవసరం. జట్టుకు పదకొండు మంది. ఆట పదిహేనేసి నిమిషాల చొప్పున నాలుగు భాగాలుగా సాగుతుంది. గోలు వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14 మీటర్లు. బంతి బరువు 156 నుండి 163 గ్రాములు. చూడడానికి చిన్నదే గాని గట్టిదనంలో రాతితో సమానం. గోలు ముందు గీచిన అర్ధచంద్రాకారపు గీతలోపలి నుండి కొట్టిన బంతి మాత్రమే గోలుగా లెక్కకు వస్తుంది. ఆ గీత గోలుకు 14.63 మీటర్ల దూరంలో ఉంటుంది.

పెనాల్టీ కార్నర్ లభించినప్పుడు నిపుణులైన క్రీడాకారులు ఆ గీత దగ్గర నుండి బంతిని గంటకు 100 కిలోమీటర్లను సమీపించే వేగంతో విసరగలరు. లెక్క కట్టి చూచినచో ఆ బంతి గోలు చేరడానికి పట్టే కాలం సుమారు అర సెకను. మనం కనురెప్ప వేసి తెరిచేలోగా అంతా ముగిసిపోతుందన్నమాట. ఆ అర సెకనులో బంతి ఏ వైపు వస్తున్నదో గ్రహించి, కాలు చాచవలెనా, చేయి చాచవలెనా, నేలకు ఒరగవలెనా అని నిర్ణయించుకొని, ఆ పని చేసి తీరవలెను. అందువల్లనే గోల్ కీపర్‌కు శిరస్త్రాణం, ఎదను కాపాడే కవచం, చేతికి తొడుగులు, మోకాళ్లను దాటే మెత్తలు, పాదాలకు ప్రత్యేకమైన రక్షణలు ఉంటాయి. అర్ధచంద్ర రేఖ లోపల బంతిని కాలితోనైనా, శరీరంతోనైనా ఆపే అధికారం జట్టులో ఆమె ఒక్కతెకే ఉంటుంది.

ఈ అధికారంతోపాటు ఒంటరితనం కూడా ఆమెకు సంక్రమిస్తుంది. ముందువరుస క్రీడాకారిణి మూడు అవకాశాలు జారవిడిచి నాలుగవదానిలో గోలు కొట్టినచో ఆమెను భుజాలకెత్తుకుంటారు. గోల్ కీపర్ తొమ్మిది బంతులు ఆపి పదవది వదిలినచో ఆ పదవదే అందరికీ గుర్తుంటుంది. ఆట సమంగా ముగిసి షూటౌట్ వచ్చినప్పుడు ఈ ఒంటరితనం పరాకాష్ఠకు చేరుతుంది. ప్రత్యర్థి 23 మీటర్ల గీత నుండి బంతితో బయలుదేరుతుంది. ఎనిమిది సెకన్ల గడువు. మైదానంలో ఎదురెదురుగా ఇద్దరే.

మహిళా హాకీ నడచిన బాట

మహిళల హాకీ చరిత్ర మనం అనుకొనే దానికంటె పాతది. ఐర్లండు దేశంలో మహిళలు తమ హాకీ సంఘాన్ని 1894లోనే స్థాపించుకున్నారు. అయినా ఒలింపిక్ క్రీడలలో మహిళల హాకీకి స్థానం లభించడానికి 1980 మాస్కో ఒలింపిక్స్ వరకు ఆగవలసి వచ్చింది. ఆ మొదటి పోటీలో ఆరు జట్లు పాల్గొనగా భారత మహిళలు నాలుగవ స్థానంలో నిలిచారు. 1982లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో స్వర్ణ పతకం గెలుచుకున్నారు. తరువాత మాత్రం ఒలింపిక్ ద్వారం మన మహిళలకు దీర్ఘకాలం మూసుకొనిపోయింది. 2016లో రియో ఒలింపిక్స్‌లో అడుగు పెట్టేనాటికి 36 సంవత్సరాలు గడిచిపోయాయి. ఆ మధ్యకాలంలో కర్ర పట్టిన ఎందరో ప్రతిభావంతులైన క్రీడాకారిణులు ఒలింపిక్ మైదానంలో అడుగు పెట్టకుండానే ఆట విరమించారు.

రజని పుట్టి పెరిగినది ఈ 36 సంవత్సరాల చీకటి కాలంలోనే. మహిళా హాకీ అంటే ఉత్తరాన హర్యానా, పంజాబు, తూర్పున జార్ఖండ్, ఒడిశా, మణిపూరు అని పేరుపడిన రోజులవి. తెలుగువారి నుండి పురుషులలో హైదరాబాదుకు చెందిన ఎన్. ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లో ఆడి మూడుసార్లు ఒలింపియన్ అనిపించుకున్నాడు. మహిళలలో అటువంటి ఆదర్శం తెలుగు పల్లెలలోని బాలికల కంటికి కనిపించేంత దగ్గరగా లేదు.

తలకోన చెంతనున్న పల్లె నుండి

రజని 1990 జూన్ 9వ తేదీన యనమలవారిపల్లెలో జన్మించింది. అది నాడు చిత్తూరు జిల్లాలోనిది. ఎర్రావారిపాలెం మండలం 2022లో కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినది. శేషాచల పర్వతపంక్తి పాదాన, తలకోన జలపాతానికి చేరువలో ఉన్న ప్రాంతమిది. యాత్రికులు జలపాతాన్ని చూచి తిరిగి పోతారు. అక్కడి పల్లెలవారికి మాత్రం మెట్ట సేద్యం, కూలి పని, చేతివృత్తులే జీవనాధారం. సంపన్నుల ఆటగా గాని, పట్టణాల ఆటగా గాని హాకీ అక్కడికి చేరలేదు. పల్లెటూరి ప్రభుత్వ పాఠశాల మైదానం ద్వారా, వ్యాయామోపాధ్యాయుల చేతి మీదుగా చేరింది.

ఈ చిన్న విషయంలో పెద్ద సత్యం ఇమిడి ఉన్నది. మన దేశంలో సామాన్య కుటుంబపు బాలికకు ఆట లభించే చోటు బడి ఒక్కటే. ఇంటివద్ద ఆమెకు పని ఉంటుంది; వీధిలో మగపిల్లలు ఆడుకుంటారు. బడిలో మైదానం, ఒక వ్యాయామోపాధ్యాయుడు లేదా ఉపాధ్యాయిని, పది హాకీ కర్రలు ఉన్నప్పుడు మాత్రమే ఆమెకు తన శరీరంలో ఏ శక్తి దాగి ఉన్నదో తెలిసే అవకాశం కలుగుతుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా రజని పేరు మనకు తెలిసి ఉండేది కాదు.

పాఠశాల తరువాతి మెట్లు మన పల్లెవాసులకు కొంత తెలిసినవే. జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు, జాతీయ పోటీలు, వాటిలో ప్రతిభ చూపినవారికి క్రీడాకోటా ఉద్యోగం. భారతదేశంలో మహిళా క్రీడాకారిణులను పోషించిన సంస్థలలో రైల్వేలకు అగ్రస్థానం ఇవ్వవలెను. రజని కూడా జాతీయ స్థాయిలో రైల్వే జట్టు క్రీడాకారిణిగా ఆడింది. నెలనెలా జీతం వచ్చే ఉద్యోగం ఉన్నప్పుడే సామాన్యుని కూతురు ఇరవై అయిదేళ్లు దాటిన తరువాత కూడా 'ఇంకా ఆటలేమిటి?' అనే మాటకు జంకకుండా సాధన కొనసాగించగలదు. పెద్దపల్లి, మంచిర్యాల, కాగజ్‌నగర్ స్టేషన్ల మీదుగా నిత్యం రైళ్లు పోతుండగా చూచే మనకు, ఆ రైల్వేశాఖ వెనుక ఇటువంటి క్రీడాపోషణ కూడా ఉన్నదన్న సంగతి తెలిసి ఉండవలెను.

పద్దెనిమిదికీ పదహారుకూ మధ్య

ఇక రజని క్రీడాజీవితంలో కీలకమైన ఘట్టానికి వద్దాము. భారత మహిళా హాకీలో ఆమె కాలానికి చెందిన మరొక గోల్ కీపర్ సవితా పూనియా. హర్యానాలోని సిర్సా జిల్లాకు చెందిన సవిత కూడా 1990లోనే జన్మించింది. ఒకే ఈడు, ఒకే స్థానం, ఒకే జట్టు. సవిత ప్రపంచంలోని ఉత్తమ గోల్ కీపర్లలో ఒకతెగా ఎదిగింది. అంతర్జాతీయ హాకీ సమాఖ్య ఇచ్చే ఉత్తమ గోల్ కీపర్ పురస్కారాన్ని 2021, 2022, 2023లలో వరుసగా మూడు పర్యాయాలు అందుకున్నది. అటువంటి ప్రతిభావంతురాలు ఎదురుగా ఉన్నప్పుడు రెండవ గోల్ కీపర్‌కు మైదానంలోకి దిగే అవకాశాలు ఎంత పరిమితమో చెప్పనవసరం లేదు.

ఇందులో సామాన్య ప్రేక్షకులకు అంతగా తెలియని ఒక లెక్క ఉన్నది. ప్రపంచకప్, ఆసియా క్రీడలు, కామన్వెల్త్ క్రీడలు వంటి పోటీలకు 18 మందితో జట్టును పంపుతారు. అందులో ఇద్దరు గోల్ కీపర్లకు చోటుంటుంది. ఒలింపిక్స్‌లో మాత్రం ఆ రోజులలో జట్టు సంఖ్య 16. పదహారు మందిలో రెండవ గోల్ కీపర్‌ను తీసికొన్నచో మైదానంలో పరుగెత్తవలసిన క్రీడాకారిణులలో ఒకరు తగ్గుతారు. అందువలన ఒలింపిక్స్‌కు ఒకే గోల్ కీపర్‌ను తీసికొని, రెండవవారిని అదనపు క్రీడాకారిణిగా ఉంచడం పరిపాటి అయింది.

ఈ లెక్క రజని జీవితాన్ని రెండుసార్లు తాకింది. 2016లో 36 ఏళ్ల తరువాత భారత మహిళలు రియోలో అడుగు పెట్టినప్పుడు పదహారు మందిలో గోల్ కీపర్ సవిత; రజని పేరు అదనపు క్రీడాకారిణుల జాబితాలో వచ్చింది. ఐదు సంవత్సరాలు సాధన చేసిన తరువాత, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌కు కూడా ఆమె అదనపు గోల్ కీపర్‌గానే ఎంపికయింది. ఇతరులలో అనేకులు రియో తరువాతనే విరక్తి చెంది ఉండేవారు.

అదే రజని, పద్దెనిమిది మంది జట్లు వెళ్లిన చోట పదే పదే స్థానం సంపాదించడం గమనార్హం. 2017లో జపానులోని కకామిగహారాలో జరిగిన ఆసియా కప్ ఫైనల్‌లో భారత్ చైనాతో 1-1తో సమంగా నిలిచి, షూటౌట్‌లో 5-4తో గెలిచింది. 2004 తరువాత పదమూడు సంవత్సరాలకు లభించిన ఆసియా కప్ అది. ఆ జట్టులో రజని ఉన్నది. 2018లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ క్రీడలు, లండన్ ప్రపంచకప్, జకార్తా ఆసియా క్రీడలు - ఈ మూడింటికీ వెళ్లిన జట్లలో ఉన్నది. జకార్తాలో ఫైనల్‌లో జపాను చేతిలో 2-1తో ఓడి మన జట్టు రజత పతకం పొందింది. 2022 జనవరిలో మస్కట్ ఆసియా కప్‌లో కాంస్యం, అదే సంవత్సరం ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో న్యూజిలాండ్‌పై షూటౌట్‌లో 2-1 విజయంతో మరొక కాంస్యం లభించాయి. ఈ రెండు జట్లలోనూ గోల్ కీపర్లు సవిత, రజని.

లండన్‌లో ఐర్లండు, టోక్యోలో ఐర్లండు

రజని కథకు ఐర్లండు మహిళా జట్టు కథతో ఆసక్తికరమైన సంబంధం ఉన్నది. 2018 ప్రపంచకప్‌కు వచ్చిన పదహారు జట్లలో ఐర్లండు ప్రపంచ ర్యాంకు 16. ఆ జట్టులోని వారిలో అనేకులు చదువులు, ఉద్యోగాలు సాగించుకుంటూ, మిగిలిన వేళలలో సాధన చేసేవారు. అటువంటి జట్టు తొలి దశలో భారతదేశాన్ని 1-0తో ఓడించింది. ఆగస్టు 2వ తేదీన క్వార్టర్ ఫైనల్‌లో మళ్లీ మనమే దానికి ఎదురైనాము. అరవై నిమిషాలు ఒక్క గోలు కూడా పడలేదు. షూటౌట్‌లో ఐర్లండు 3-1తో గెలిచింది. తరువాత స్పెయిన్‌ను కూడా షూటౌట్‌లోనే ఓడించి ఫైనల్ చేరి, నెదర్లాండ్స్ చేతిలో 6-0తో ఓడి రజత పతకంతో స్వదేశం చేరింది. ఐర్లండు మహిళలు ప్రపంచకప్ ఫైనల్ ఆడడం అదే మొదటిసారి.

ఈ విజయయాత్రలో ప్రధాన పాత్ర గోల్ కీపర్ అయీషా మెక్‌ఫెరాన్‌ది. ఉత్తర ఐర్లండులోని లార్న్ పట్టణంలో 1996లో పుట్టిన ఆమె, అమెరికాలోని లూయివిల్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ ఆట ఆడినది. ఆ ప్రపంచకప్‌లో ఉత్తమ గోల్ కీపర్‌గా ఎంపికయింది. క్వార్టర్ ఫైనల్ నాడు ఒక గోలు ముందు ఆమె, రెండవ గోలు ముందు సవిత. తెలుగునాటి రజని భారత జట్టు బెంచీ మీద ఉన్నది. చరిత్రలో మొదటి ఇద్దరి పేర్లు వ్రాయబడినాయి. కాని మైదానంలో ఉన్న సవితకు ఏ క్షణాన గాయమైనా, ఆ 0-0 భారం మొత్తం మూడవ వ్యక్తి చేతిలో పడేది. అందుకు ఆమె ప్రతి నిమిషం సిద్ధంగా ఉండవలసినదే.

మూడేళ్ల తరువాత టోక్యోలో లెక్క తారుమారైంది. 2021 జూలై 30వ తేదీన 57వ నిమిషంలో నవనీత్ కౌర్ కొట్టిన ఏకైక గోలుతో భారత్ ఐర్లండును 1-0తో ఓడించింది. మరునాడు దక్షిణాఫ్రికాపై 4-3తో గెలిచి, అదే రోజు ఐర్లండు బ్రిటన్ చేతిలో ఓడడంతో క్వార్టర్ ఫైనల్ చేరింది. అక్కడ ఆస్ట్రేలియాను 1-0తో ఓడించి దేశాన్ని ఆశ్చర్యంలో ముంచింది. కాంస్య పతకానికై బ్రిటన్‌తో జరిగిన పోటీలో 4-3తో ఓడి, నాలుగవ స్థానంతో తిరిగి వచ్చింది. 1980లో మాస్కోలో వచ్చిన నాలుగవ స్థానానికి, ఈ నాలుగవ స్థానానికి మధ్య 41 సంవత్సరాలు. ఆ ఆగస్టు మాసంలోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రజనిని సత్కరించి 25 లక్షల రూపాయల పారితోషికం ప్రకటించింది. పదహారు మందిలో లేని క్రీడాకారిణిని సైతం ప్రభుత్వం గౌరవించడం సముచితమైన పని అని చెప్పక తప్పదు.

రెండవ గోల్ కీపర్ చేసే పని

అట్లయినచో రెండవ గోల్ కీపర్ వలన జట్టుకు కలిగే ప్రయోజనం ఏమిటి? దీనిని మూడు విధాలుగా విభజించి చూడవచ్చును.

మొదటిది, సాధన. శిక్షణ శిబిరంలో మైదానానికి రెండు వైపులా రెండు గోలులు ఉంటాయి. జట్టును రెండుగా చీల్చి ఆడించవలెనన్నా, పెనాల్టీ కార్నర్లు అభ్యాసం చేయించవలెనన్నా ఇద్దరు గోల్ కీపర్లు కావలెను. ఆ రెండవ గోల్ కీపర్ సామాన్యురాలైనచో ముందువరుసవారు సులభంగా గోలులు కొట్టడానికి అలవాటు పడి, అసలు పోటీలో తడబడతారు. ఆమె గట్టిదైనచో వారు గట్టిపడతారు. సానరాయి కూరగాయ తరగదు గాని, కత్తికి పదును దాని వల్లనే వస్తుంది.

రెండవది, పోటీ. మొదటి స్థానంలో ఉన్న గోల్ కీపర్‌కు తన వెనుక సమర్థురాలైన మరొకతె ఉన్నదన్న స్పృహ నిత్యం మెలకువను కలిగిస్తుంది. సవిత వంటి క్రీడాకారిణి ఏమరుపాటు లేకుండా పురోగమించడంలో ఆమె స్వయంకృషితోపాటు, ప్రతిరోజు పక్కనే సాధన చేసిన సహచరి పాత్ర కూడా ఉండి తీరుతుంది.

మూడవది, సంసిద్ధత. ఇది అన్నిటికంటె కష్టమైనది. మైదానంలో ఉన్నవారి శరీరం ఆటతోనే వేడెక్కి ఉంటుంది; మనస్సు ఆటలోనే లగ్నమై ఉంటుంది. బెంచీ మీద ఉన్నవారు చల్లబడిన శరీరంతో కూర్చుని, పిలుపు వచ్చిన మరుక్షణం అర సెకనులో వచ్చే బంతిని ఎదుర్కొనవలెను. పిలుపు పది పోటీలకు ఒకసారి రావచ్చు, అసలే రాకపోవచ్చు. రానిదానికై ప్రతిరోజూ వచ్చినట్లే సిద్ధపడడం గొప్ప మానసిక శిక్షణ. పరీక్ష జరుగునో లేదో తెలియకపోయినా పాఠం పూర్తిగా చదివి పెట్టుకొనే విద్యార్థితో ఆమెను పోల్చవచ్చును.

ఈ మూడు పనులలో ఏ ఒక్కటీ పత్రికలలో వచ్చే గణాంకాలకు ఎక్కదు. అయినా ఇవి లేకుండా ఏ జట్టూ నిలువలేదు.

ఐదుగురి ఆటకు నాయకత్వం

రజని నిరీక్షణకు ఒక ఫలం ఊహించని వైపు నుండి లభించింది. అంతర్జాతీయ సమాఖ్య హాకీలో ఐదుగురు ఆడే కొత్త పద్ధతిని ప్రవేశపెట్టింది. దీనిని హాకీ ఫైవ్స్ అంటారు. మైదానం చిన్నది; ఆట పదేసి నిమిషాల రెండు భాగాలు. మైదానంలో ఎక్కడి నుండి కొట్టినా గోలుగా లెక్కిస్తారు. కనుక గోల్ కీపర్‌కు ఊపిరి తీసికొనే వ్యవధి ఉండదు. ఆట మొత్తం ఆమె కళ్లముందే జరుగుతుంది గనుక, వెనుక నుండి జట్టును నడిపే అవకాశం కూడా ఆమెకే ఎక్కువ.

2022 జూన్‌లో స్విట్జర్లాండులోని లోజాన్ నగరంలో జరిగిన పోటీలకు వెళ్లిన భారత మహిళల ఫైవ్స్ జట్టుకు రజనిని నాయకురాలిగా నియమించారు. 2024 జనవరిలో మస్కట్‌లో తొలిసారిగా జరిగిన ఫైవ్స్ ప్రపంచకప్‌లో కూడా ఆమెయే నాయకురాలు. ఆ పోటీలలో మన జట్టు పోలాండు, అమెరికా, నమీబియాలను గెలిచి, క్వార్టర్ ఫైనల్‌లో న్యూజిలాండ్‌ను 11-1తో, సెమీ ఫైనల్‌లో దక్షిణాఫ్రికాను 6-3తో ఓడించింది. జనవరి 27న జరిగిన ఫైనల్‌లో నెదర్లాండ్స్ చేతిలో 7-2తో ఓడి రజత పతకం పొందింది. తొలి ప్రపంచకప్‌లోనే దేశానికి రజతం తెచ్చిన జట్టుకు నాయకురాలు తెలుగమ్మాయి కావడం మనందరికీ గర్వకారణం. అప్పటికి ఆమె వయస్సు 33 సంవత్సరాలు. రియో జాబితా చూచి 26వ ఏట కర్ర పక్కన పెట్టి ఉన్నట్లయితే ఆ రోజు వచ్చి ఉండేది కాదు.

మన జిల్లాలకు ఈ చరిత్ర చెప్పేది

ఇప్పుడు మన ఇంటివైపు దృష్టి మరల్చుదాము. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి కరీంనగర్ జిల్లా జనాభా సుమారు 37 లక్షల 76 వేలు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా జనాభా సుమారు 27 లక్షల 41 వేలు. రెండూ కలిపితే 65 లక్షల పైచిలుకు. ఆ సంవత్సరపు లెక్కల ప్రకారమే ఐర్లండు ద్వీపంలో, ఉత్తర దక్షిణ భాగాలు రెండూ కలిపి, ఉన్న జనం సుమారు 64 లక్షలు. ఆ ద్వీపం మొత్తానికి కలిపి ఒకటే హాకీ జట్టు. అనగా ప్రపంచకప్ ఫైనల్ చేరిన దేశానికీ, మన రెండు పాత జిల్లాలకూ జనసంఖ్యలో భేదం లేదు. అక్కడి బాలికలకూ ఇక్కడి బాలికలకూ చేతులు, కాళ్లు, కన్నులు ఒక్కటే. భేదమంతా బాల్యంలో కర్ర చేతికి అందడంలో, మైదానంలో గంటసేపు నిలువనివ్వడంలో, నిలిచిన దానిని పదిహేనేళ్లు కొనసాగనివ్వడంలో ఉన్నది.

మనకు ఆధారాలు బొత్తిగా లేవనడం సరి కాదు. హకీంపేటలోని రాష్ట్ర క్రీడాపాఠశాలతోపాటు కరీంనగర్‌లోను, ఆదిలాబాద్‌లోను ప్రాంతీయ క్రీడాపాఠశాలలు వెలిశాయి. కరీంనగర్‌లో అంబేద్కర్ స్టేడియం, ఆదిలాబాద్‌లో ఇందిరా ప్రియదర్శిని స్టేడియం ఉన్నాయి. సింగరేణి గనుల ప్రాంతాలలో కార్మికుల కొరకు ఏర్పడిన మైదానాలున్నాయి. మైనారిటీ బాలికల కొరకు గురుకుల పాఠశాలలు ఏర్పడినాయి. లోపించినది ఏదైనా ఉన్నచో అది ఇంటిలోని అనుమతి, బడిలోని పట్టుదల.

పొరుగున ఉన్న నిజామాబాదు ఈ విషయంలో మనకు దారి చూపింది. ఆ జిల్లాకు చెందిన యెండల సౌందర్య భారత మహిళా హాకీ జట్టులో ఆడింది. ఆ పట్టణానికే చెందిన నిఖత్ జరీన్ తండ్రి ప్రోత్సాహంతో ముష్టియుద్ధం నేర్చి, 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో ఢిల్లీలోను ప్రపంచ విజేతగా నిలిచింది. గోదావరి ఒడ్డున ఉన్న మన పల్లెలకు వారి ఊర్లు నాలుగు గంటల బస్సు ప్రయాణంలోపే ఉంటాయి. ఉర్దూ మాట్లాడే ఇంటిలో పుట్టినా, తెలుగు మాట్లాడే ఇంటిలో పుట్టినా మైదానం అడిగేది ఒకే ప్రశ్న: రేపు కూడా వస్తావా?

ఉపసంహారం

రజని క్రీడాజీవితాన్ని విజయాల పట్టికగా వ్రాసినచో ఒక స్వర్ణం, రెండు రజతాలు, రెండు కాంస్యాలు ఈ వ్యాసంలోనే కనిపిస్తాయి. అది చిన్న సంపద కాదు. కాని విద్యార్థులు గ్రహించవలసినది ఆ పతకాల మధ్యనున్న ఖాళీ సంవత్సరాలను. ఒలింపిక్ జట్టులో పదహారవ పేరుకూ పదిహేడవ పేరుకూ మధ్యనున్న సన్నని గీత వద్ద ఆమె రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ మళ్లీ శిబిరానికి వెళ్లి శిరస్త్రాణం ధరించింది. ఆ తిరిగి వెళ్లడమే ఆమెను తరువాత నాయకురాలిని చేసింది.

సోదర సోదరీమణులారా! మన కళాశాల జట్లను ఎంపిక చేసిన తరువాత జాబితా చివర 'అదనపు' అనే మాట క్రింద మీ పేరు ఉండవచ్చును. ఆ మాటను అవమానంగా తలచకండి. జట్టుకు ఆపద వచ్చిననాడు మొదట వెదకేది ఆ పేరునే. తల్లిదండ్రులకు ఒక విన్నపం: 'ఆడించారా?' అని అడుగుటకు ముందు 'ఈ రోజు ఏమి నేర్చుకున్నావు?' అని మీ కుమార్తెను అడగండి. ఆ ప్రశ్నకు ఆమె వద్ద ప్రతిరోజు సమాధానం ఉన్నంతకాలం, ఆమెను మైదానానికి పంపుతూనే ఉండండి.